పడమటికి నడిచిన మూట

మా ఇంట్లో అందరికంటే ముందు ద్వారకకు బయలుదేరింది ఒక మూట. మేము గడప దాటకముందే అది రెండిళ్లు మారింది, మూడో చోటికి కూడా సిద్ధమైంది. దాన్ని అట్లా ఊరేగించిన పుణ్యం చాలావరకు నాదే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది కనుక ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మనసు మారుతుందేమో.

బోధన్‌లో చక్కెర కార్ఖానా పెట్టిన రెండో ఏడు అది. నిజాంసాగర్ కాలువ నీళ్లకు మా బాన్సువాడ పొలాల్లో చెరుకు మనిషిని మించి పెరిగింది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్లు. ఇంట్లో ఉండేది ముగ్గురమే. నేను, మా ఆయన దేవిదాస్, మా అత్త గంగమణి.

అత్తకు నగల మీద ఆశ లేదు, చీరల మీద లేదు. ఉన్నది ఒకే ఒక్క కోరిక, సముద్రం చూడాలని. అది ఎప్పుడు పుట్టిందో ఊళ్లో అందరికీ తెలుసు. నిజాంసాగర్ కట్ట పూర్తయి నీళ్లు నిండినప్పుడు ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని చూడబోయిందట. అందరూ నోళ్లు తెరుచుకుని నిలబడితే, అత్త మాత్రం కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, "అవతల చెట్లు కనబడుతున్నయ్ గదరా?" అని అడిగిందట.

"అవునవ్వా, అది అవతలి ఒడ్డు," అన్నాడట కొడుకు.

"గట్లనా. అయితే ఇది చెరువే. జర పెద్ద చెరువు. నాకు ఒడ్డు లేని నీళ్లు చూడాలని ఉందిరా."

ఆ మాట మా ఆయన మనసులో పడి ఉండిపోయింది. ఆ ఏడు చెరుకు బండ్లు కార్ఖానాకు తోలి వచ్చిన రోజునే వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ, "అవ్వా, ద్వారక పోదాం. బొంబాయి దాక రైలు, ఆడికెళ్లి ఆగుబోటు, గదే పొగ ఓడ. రెండు దినాలు నీళ్ల మీదనే," అన్నాడు. అత్త లేచింది. లోపలికి పోయి, నాకు కనబడకుండా కళ్లొత్తుకుంది. నేను చూడనే చూశాను.

పంచాంగం చూసే అయ్యగారు మాఘమాసంలో ఒక గురువారం ముహూర్తం పెట్టాడు. బోటు ఆ తర్వాత పది రోజులకు. ముహూర్తం ఒకనాడు, ప్రయాణం ఇంకొకనాడు పడితే మావైపు ప్రస్థానం పెడతారు. ముహూర్తానికి మనిషికి బదులు మూట ఇల్లు దాటుతుందన్నమాట. పసుపు బట్టలో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, వక్క, కట్టుకునే చీర ఒకటి పెట్టి కట్టి, మనం పోయే దిక్కున ఉన్న ఇంట్లో ఉంచి రావాలి. ఇక అప్పటినుంచి మనం దారిలో ఉన్నట్టే. బయలుదేరే నాడు ఆ మూటను చేతపట్టుకుని అటునుంచి అటే పోవాలి. అది మళ్లీ మన గడప తొక్కిందా, యాత్ర చెడినట్టే. ఏడాది దాకా ఆ ఊసు ఎత్తకూడదు.

మాకు పడమటి దిక్కున ఉన్నది సమ్మవ్వ ఇల్లు. అత్తకూ సమ్మవ్వకూ చిన్ననాటి స్నేహం. మూటను దూలానికి వేలాడగట్టి సమ్మవ్వ, "పో గంగమణీ, నువ్వు ఇగ ఊర్లె లేనట్టే. రేపటికెళ్లి నా ఇంట్ల చల్ల అడుగొద్దు," అని ఆట పట్టించింది.

నాలుగో రోజు హరనాథబాబు సైకిలు మీద దిగాడు. ఆయన కార్ఖానాలో చెరుకు లెక్కలు చూసే గుమాస్తా, ఎక్కడో కోస్తా నుంచి వచ్చినవాడు. బొంబాయిలో ఓడ టిక్కెట్లు ఇచ్చే చోట ఆయన బావమరిది పని చేసేవాడు. మా ప్రయాణం ఏర్పాట్లన్నీ ఆ బావమరిది చేతిలోనే ఉన్నాయి.

"డెక్కు మీదైతే వచ్చే ఆదివారానికే చోటుంది దేవిదాస్ గారూ," అన్నాడు మజ్జిగ తాగుతూ. "కానీ డెక్కంటే ఏముందండీ, పైన గుడ్డ పందిరి, కింద చెక్క. జనం, బస్తాలు, మేకలు. పదిహేను రోజులు ఓపిక పట్టండి, మావాడు గది ఇప్పిస్తానంటున్నాడు. నాలుగు పడకలు, గుండ్రటి కిటికీ, లోపల గడియ వేసుకునే తలుపు."

నేను వంటింటి గోడ చాటున నిలబడి వింటున్నాను. గడియ వేసుకునే తలుపు అన్న మాట దగ్గర నా చెవులు ఆగిపోయాయి.

దాచుకోవడం ఎందుకు, చెప్తాను. మాది పెద్ద ఇల్లే కానీ ఒకటే నడిమిల్లు. ఒక మూలన అత్త మంచం, ఇంకో మూలన వడ్ల గుమ్మి. ఆ గుమ్మి చాటున పాత ధోవతి అడ్డం కట్టుకుని మేమిద్దరం పడుకునేవాళ్లం. అత్త దగ్గితే మాకు వినబడేది. మేము గుసగుసలాడితే అత్తకు వినబడేది, అందుకే గుసగుసలు కూడా తక్కువ. పెళ్లయిన కొత్తలో గది కట్టిస్తానన్నాడు మా ఆయన. ఏరు దాటే దాకా ఓడ మల్లన్న అన్నట్టు, పొలం పని పడగానే ఆ మాట మరిచిపోయాడు. పద్ధెనిమిదేళ్ల దాన్ని నేను. మొగుడితో గొంతెత్తి నవ్వాలని నాకుండదా?

ఆయన వంటింట్లోకి వచ్చి, "మా అవ్వ పుట్టినకాడికెళ్లి నేల మీదనే పండుకున్నది. ఓడల గూడ నేల మీదనేనా అని చూస్తున్న. నువ్వేమంటవ్?" అని అడిగాడు.

"పదేను దినాలే గదా," అన్నాను పొయ్యిలో పుల్ల సర్దుతూ. "తలుపుంటే మంచిదే."

తలుపు అన్న మాట నా నోట్లోంచి కొంచెం గట్టిగానే వచ్చింది. ఆయన నవ్వాడు, నేను తల దించుకున్నాను. వసారాలో పప్పు ఏరుతున్న అత్త చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి.

చిక్కు మూట దగ్గర వచ్చింది. ప్రస్థానం ఒక ఇంట్లో ఏడు రాత్రులకు మించి ఉండకూడదు. అయ్యగారిని అడిగితే ఆయన మీసం లేని పెదవి మీద వేలు రాసుకుంటూ ఆలోచించి, "వెనుకకు రావద్దు గని, ముందుకు పోవద్దని ఎక్కడా లేదు. పడమటికి ఇంకో ఇల్లు జరపండి. ప్రయాణం సాగుతున్నట్టే," అన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. శాస్త్రంలో ఇంత వెసులుబాటు ఉందని ఆయనకు అంతకుముందు తెలియదు.

అట్లా మూట సమ్మవ్వ ఇల్లు వదిలి, పడమర పొలిమేరలో చెరుకు తోట కాసే ముత్తెన్న గుడిసెకు చేరింది. పదిహేను రోజులు గడిచాయి. గది దొరకలేదు, ఉత్తరం వచ్చింది. హోళీ దాటాక మంచి గది ఉందట, కిటికీ పెద్దదట. మా ఆయన సరేనన్నాడు. నేనూ సరేనన్నాను. ఊరి పొలిమేర దాటిన మూటకు రెండు నెలల గడువుంటుందని అయ్యగారు తేల్చాడు. ఊళ్లో పిల్లాజెల్లా మమ్మల్ని చూసి, "మీ మూట ఎందాక పోయింది?" అని అడగడం మొదలుపెట్టారు. "ద్వారకల దర్శనం చేసుకుని ప్రసాదం పట్టుకొస్తదట," అని సమ్మవ్వ జవాబిచ్చేది.

అత్త మాత్రం ప్రతి మధ్యాహ్నం ముత్తెన్న గుడిసెకు పోయి మూటను చూసుకుని వచ్చేది. అంత ఎండలో ఎందుకని నేను విసుక్కునేదాన్ని కూడా.

ఫాల్గుణంలో ఒకనాడు ముత్తెన్నకు జొన్నరొట్టెలు ఇవ్వడానికి నేనే గుడిసెకు పోయాను. ఆయన ఎదురొచ్చి రొట్టెలు అందుకుని, "మీ అత్త లోపట్నే ఉన్నది చెల్లె. మీ మూటకు ఎలుకలు తగులుతున్నయని పొద్దుగాల కుడిపక్క వాసానికి మార్చిన, జర చూడుండ్రి," అని నీళ్లు కట్టడానికి వెళ్లిపోయాడు.

లోపల అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల ఎత్తి ఎడమపక్క వాసం వైపు చూస్తూ, అలికిడికి నేనేనని గుర్తుపట్టి, "భాగ్యా, చూడు బిడ్డా. ఇన్ని దినాలయినా పసుపు ఇంతన్న తగ్గలేదు. ఎట్ల మెరుస్తుందో," అంది.

ఎడమపక్క వాసానికి వేలాడుతున్నది ముత్తెన్న గొంగడి. నల్ల గొంగడి. మా పసుపు మూట కుడిపక్కన, అత్త ముఖానికి మూరెడు దూరంలో ఊగుతోంది.

పోయి అత్త పక్కన కూర్చున్నాను. "అత్తా," అన్నాను. "ఆ మూట అటు లేదు. ఇటున్నది."

అత్త ముఖం తిప్పలేదు. చెయ్యి చాపి గాలిలో తడిమింది, మూట తగలగానే పట్టుకుంది. "ఎవలు మార్చిండ్రు?" అని మాత్రం అడిగింది.

"ఎన్ని దినాలయింది అత్తా?"

"కుడి కన్ను దసరాకే పోయింది. ఎడమదాంట్ల పాలు పోసినట్టయితుంది, దినాం ఇంత ఇంత. మనుషుల్ని నడకల మీద పడుతున్న. బియ్యంల రాళ్లు వేళ్లకు తెలుస్తయ్."

"ఆయనకు చెప్దాం. హైదరాబాదు దవాఖానకు పోదాం."

"చెప్తె ఏం జేస్తడు? ఓడ బందు జేసి దవాఖానకు తోల్కపోతడు. ఆళ్లేమంటరు? కంట్ల పువ్వు ఇంకా ముదరలేదు, ముదిరినంక కోస్తం అంటరు. మన వాడకట్టు నర్సవ్వకు గట్లనే అన్నరు. ముదిరినంక కోస్తె చూపు వస్తే మంచిదే, రాకపోతే?" అత్త మూటను వదలలేదు. "నాకు గుడ్డితనమంటే భయం లేదు బిడ్డా. ఒక్కసారి చూసి పెట్టుకుంటే ఇగ ఎన్నటికీ నా దగ్గరుంటది. ఒడ్డు లేని నీళ్లు ఎట్లుంటయో కండ్లు మూసుకుని గూడ చూసుకోవచ్చు. చూడకముందే మూతబడితే ఏం చూసుకోవాలె?"

నాకు ఏడుపు ఆగలేదు. "నేనే అడిగిన అత్తా, ఆ తలుపు గురించి నేనే..."

"ఎరుకే. గోడకు చెవులుంటయో లేవో గని నాకు మస్తున్నయ్. అడుగుట్ల తప్పేం లేదు. నేను కోడలిగ వచ్చిన్నాడు నాకు గుమ్మి చాటు గూడ లేకుండె," అని నవ్వి, నా చెయ్యి వెతికి పట్టుకుంది. "వానికి చెప్పనని ఒట్టెయ్యి."

ఒట్టేశాను. ఇంటికి వస్తూ దారిపొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. రెండేళ్లు ఒకే కప్పు కింద ఉండి, ఒకే కుండలో అన్నం తిని, ఆ మనిషి చూపు పోతోందని కనిపెట్టలేకపోయాను. కళ్లున్న దాన్ని నేనేనా అనిపించింది.

హోళీ దాటింది. మూడో ఉత్తరం వచ్చింది. మా ఆయన వసారాలో కూర్చుని బయటికే చదివాడు. ఇప్పుడు కూడా గది లేదు. చైత్రంలో ఇంకొక్క బోటుంది, దాంట్లో డెక్కు మీదే చోటు. ఆ తర్వాత వానాకాలమంతా బోట్లు తిరగవు. దసరాకు కొత్త ఓడ వస్తోందట, దానిలో పై అంతస్తులో గది, రెండు కిటికీలు, విద్యుద్దీపం కూడా.

"దీపం గూడనట!" అన్నాడు సంబరంగా. "ఇన్ని దినాలు ఆగినం, దసరా దాక ఆగుదాం. మూటను బిచ్కుంద ఊర్లె ఉన్న మేనత్త ఇంటికి తోలుదాం. అది గూడ పడమరనే గదా."

అత్త చేటలో బియ్యం ఏరుతోంది. "తోలురా. గిట్లనే జరుపుకుంట పోతే నాకంటే ముందుగాల నా మూటనే సముద్రం చూస్తది," అంది. మా ఆయన పకపకా నవ్వాడు. అత్త కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆయన కార్డు తీసి, పెన్సిలు తడి చేసుకుని రాయబోతుంటే పోయి పక్కన నిలబడ్డాను.

"రాయకు," అన్నాను. "డెక్కు మీదనే పోదాం. ఈ చైత్రంలనే."

"నువ్వే గదా తలుపుంటే మంచిదన్నవ్?"

"అన్న. ఇప్పుడు వద్దంటున్న. మూసిన గదిల నాకు కడుపుల తిప్పుతది."

"ఎన్నడన్న ఓడ ఎక్కినవా, తిప్పుతదో తిప్పదో నీకెట్ల తెలుసు?" అని కాసేపు నవ్వి, తర్వాత గొంతు తగ్గించాడు. "నా ఫికర్ నీ గురించి గాదు. అవ్వను అంత జనంల, మేకల నడుమ పండబెట్టాల్నా? పదిమంది ఏమనుకుంటరు? కొడుకు ఇంత సంపాదించి..."

"మీ అవ్వ పండుకునేతందుకు పోతలేదు," అన్నాను. "చూసేతందుకు పోతుంది."

అంతకుమించి ఒక్క మాట పెరిగినా ఒట్టు తప్పేదాన్ని. ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. అప్పుడాయన మెల్లగా తల తిప్పి తల్లి వైపు చూశాడు. అత్త ముఖం గోడ వైపుంది, వేళ్లు చేటలో నడుస్తున్నాయి. చేట అంచున శనగగింజంత నల్లరాయి పైకే కనబడుతోంది. ఆమె వేళ్లు దాని పక్కనుంచి పోయాయి, తిరిగి వచ్చాయి, మళ్లీ పక్కనుంచే పోయాయి.

ఆయన లేచి పోయి, వంగి ఆ రాయి తీసి వాకిట్లోకి విసిరేశాడు. వచ్చి కూర్చుని కార్డు మీద రాశాడు.

"ఏం రాస్తున్నవురా?" అంది అత్త.

"డెక్కేనవ్వా. చైత్రంలనే," అన్నాడు. ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది.

ఆ దసరా ఓడలో ఎవరు ప్రయాణం చేశారో నాకు తెలియదు. దసరా రాకముందే, భాద్రపదంలో, జర్మనీతో లడాయి మొదలైంది. ఓడలన్నీ సిపాయీల కోసం తీసుకుంటున్నారని, ఇక ద్వారక పోవాలనుకునేవాళ్లు ఆ మాట మరిచిపోవాల్సిందేనని హరనాథబాబుకు ఆయన బావమరిదే రాశాడు. ఆలస్యం అమృతం విషం అని పెద్దలు ఊరికే అనలేదు.

మేము మాత్రం ఆ చైత్రంలోనే ఒక తెల్లవారుజామున బయలుదేరాం. ముత్తెన్న గుడిసె దగ్గర బండి ఆపి, మూట దించి అత్త ఒళ్లో పెట్టాం. రైలంతా ఆమె దాన్ని వదల్లేదు. బొంబాయి రేవులో జనాన్ని చూసి నాకు మతి పోయింది. హరనాథబాబు చెప్పిందంతా నిజమే. డెక్కు మీద జనం, బస్తాలు, మేకలు కూడా ఉన్నాయి. అయితే మా పక్కన పండరిపురం వైపు నుంచి వచ్చిన మరాఠీ ముసలమ్మలు భజన చేస్తున్నారు. అత్త అరగంటలో వాళ్లతో కలిసిపోయింది. వాళ్ల మాట ఈమెకు సగం తెలుసు, మిగతా సగం చేతులతో నడిచింది.

బోటు కదిలిన మర్నాడు పొద్దున, నీళ్లు తప్ప ఏమీ లేని చోటికి వచ్చాం. మా ఆయన తల్లిని భుజం పట్టుకుని అంచు దగ్గరికి తీసుకుపోయాడు. అత్త అంచు వెంట ఉన్న ఇనప కటకటాన్ని రెండు చేతులతో పట్టుకుంది. గాలికి చెంగు ఎగురుతుంటే పట్టించుకోలేదు. చాలాసేపు ముందుకు చూసింది. తర్వాత మెల్లగా, అడుగు మీద అడుగు వేసుకుంటూ, చుట్టూ తిరిగింది.

"భాగ్యా, అవతల చెట్లేమన్న కనబడుతున్నయా?"

"లేవత్తా."

"గిటు దిక్కు?"

"గిటు గూడ లేవు. యాడ లేవు."

"నిజం చెప్పు. నాకే కనబడతలేవేమో అని అడుగుతున్న."

"ఒట్టు అత్తా. ఎవలకూ కనబడతలేవు. ఒడ్డే లేదు."

అత్త ముఖం విప్పారింది. "నీలం గదా ఇదంత? అంచుకాడ తెల్లగ మెరుస్తుంది గదా?"

"అవునత్తా."

"అయితే నాకు కనబడుతుంది," అంది. "అంత కనబడుతుంది." తర్వాత చేతులు జోడించలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు. చిన్నపిల్లలా నవ్వుతూ నిలబడిపోయింది. అంత సంతోషం నేను మళ్లీ ఎవరి ముఖంలోనూ చూడలేదు.

మా ఆయన నా పక్కకు వచ్చి, "నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"ముత్తెన్న గుడిసెల. నీకు?"

"రాయి తీసినప్పుడు." కటకటం మీద ఆయన చెయ్యి నా చేతిని తాకింది. అంతమందిలో తీసేసుకోవాలి, నేను తీసుకోలేదు.

మధ్యాహ్నం ఎండ మళ్లాక అత్త మూట విప్పింది. బియ్యం కొన్ని నీళ్లలో చల్లింది, పసుపుకొమ్ము మరాఠీ ముసలమ్మకు ఇచ్చింది, చీర పక్కన పెట్టింది. మిగిలిన పసుపు బట్టను రెండు చేతులా దులిపి, ఒక కొస కటకటానికి, ఇంకో కొస మా పెట్టె పిడికి తడుముకుంటూ ముడివేసింది. కటకటానికీ బస్తాలకూ నడుమ ఇద్దరు కూర్చునేంత చోటు చాటయింది.

"ఇగో బిడ్డా, నీ తలుపు," అంది.

నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. "ఏందత్తా ఇది! ఇంతమందిల..."

"ఎవలున్నరు ఈడ? నాకైతే ఎవలూ కనబడతలేరు," అంది అత్త. మా ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, నోటికి చెంగు అడ్డం పెట్టుకోకుండా, గొంతెత్తి.

అత్త ఆ పసుపు గుడ్డకు వీపు ఆనించి, ముఖం నీళ్ల వైపు తిప్పి, కావలి మనిషిలా చతికిలబడింది.

"కూసోండ్రి, మాట్లాడుకోండ్రి," అంది. "ఒడ్డు కనబడితే నేను చెప్తలే."